తొందరగా వచ్చెయ్

"మీరు వెతుకుతున్న మనిషి పదకొండు గంటలకే ఓడెక్కేసింది. ఇక మీరు ఇంటికెళ్ళొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అనేసి, ఆ మాట ఎక్కడ తగిలిందో చూసుకోవడానికన్నట్టు డిటెక్టివ్ ముఖంలోకి చూశాడు. ఓడరేవు హాల్లో వాళ్ళిద్దరి పక్కనుంచే ప్రయాణికులు పెట్టెలు లాక్కుంటూ పోతున్నారు. అంత ఉక్కలోనూ అతని యూనిఫారం మీద ఒక్క ముడత లేదు. స్టేషన్లో అతనికి ఇస్త్రీ అని పేరు. డిపార్ట్‌మెంటులో ఉన్న రోజుల్లో ఆమెకి మేకు అని పేరు, ఒకసారి దిగితే ఊడి రాదని. చివరికి ఆ మేకుని ఊడబెరికింది కూడా ఇతనే. ఆమె మీద జరిగిన విచారణలో ఎదురు సాక్ష్యం చెప్పాడు. అంతకుముందు అతను ఆమె కింద పనిచేసినన్నాళ్ళూ 'నువ్వు' అని పిలిచేది. ఇప్పుడు 'మీరు' అంటుంది. ఆ పిలుపులో మర్యాద ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"ఎక్కింది ఆవిడేనని మీకు ఎవరు చెప్పారు?" అంది డిటెక్టివ్.

"ఆవిడ టికెట్, ఆవిడ గుర్తింపు కార్డు. ఆవిడ పేరు అడిగితే చెప్పింది. పొద్దున్న మీ కంప్లయింటు తీసుకున్నప్పుడే అనుకున్నాను. కాలవలోంచి తీసిన ఒక పిచ్చిమనిషితో సగం పూట పోయింది, మీతో మిగతా సగం పోయింది."

డిటెక్టివ్ కౌంటరు వైపు నడిచింది.

ఆమె వెతుకుతున్న మనిషి ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమానురాలు. తండ్రి తర్వాత ప్రెస్ తానే నడుపుతోంది. నిన్న మధ్యాహ్నం ఒంటరిగా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. వచ్చీ రాగానే కుర్చీని వెలుతురు డిటెక్టివ్ ముఖం మీద పడేటట్టు జరుపుకుని కూర్చుంది. ఏడాది కిందట ఏదో జ్వరం వచ్చి రెండు చెవులూ పూర్తిగా పోయాయని, ఏ మిషన్ పెట్టినా లాభం లేదని చెప్పింది. పెదవుల కదలిక చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆమెకి చెవుడని కనిపెట్టలేరు. ప్రెస్‌కి వచ్చే పార్టీలకి కూడా తెలియదట.

ఆమె భయమల్లా ఒక ప్రయాణం గురించి. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో పక్క ఊరికి కూడా తీసుకెళ్ళని భర్త, నెల రోజులు కూర్చుని ఈ ప్రయాణం ప్లాన్ చేశాడు. నాలుగు రోజులు ఈ సిటీలో హోటల్, ఆ తర్వాత తీరం వెంబడి వారం రోజులు ఓడ. ఆమె నీళ్ళంటే భయపడుతుంది. సిటీ ఒక్కటి చాలదా అని అడిగిందట. రెండూ కలిస్తేనే బాగుంటుంది అన్నాడట. ప్రెస్ ఉన్న స్థలం అమ్మేద్దామని ఆయన, అమ్మేది లేదని ఆవిడ, రెండేళ్ళుగా ఇంట్లో అదే గొడవ. ఆ గొడవ కూడా ఈ నెల రోజుల్లో ఉన్నట్టుండి ఆగిపోయిందట.

"అరిచినప్పుడు నాకు భయం వేయలేదండీ," అంది ఆమె. "అరిచినా నాకు వినబడదు కదా. ఇప్పుడు నవ్వుతున్నారు. అది కనబడుతోంది."

ఈరోజు తొమ్మిదింటికి హోటల్ లాబీలో కలుద్దామని, ఈలోగా ఆయనతో ఏమీ జరగనట్టే ఉండమని డిటెక్టివ్ చెప్పింది. వెళ్ళేముందు ఆమె మేకు అనే పేరు కథ విని మొదటిసారి నవ్వింది. తొమ్మిదయ్యింది, పదయ్యింది, ఆమె లాబీలోకి రాలేదు. భర్తకి ఫోన్ చేస్తే, ఆమె సముద్రం చూడాలన్న ఆత్రంతో తనకన్నా ముందే రేవుకి వెళ్ళిపోయిందన్నాడు. నీళ్ళంటే భయపడే మనిషి.

కౌంటరులో అమ్మాయి ఉదయం నుంచి అక్కడే ఉంది. డిటెక్టివ్ అడిగినవాటికి విసుగు దాచుకుంటూ చెప్పింది. అవును, ఆవిడ ఒక్కతే వచ్చింది. దగ్గుతోంది, ముఖానికి మాస్కు, పెద్ద నల్ల కళ్ళద్దాలు, తల మీద టోపీ. మాస్కు ఒక్కసారి కిందకి లాగి మళ్ళీ పెట్టుకుంది. వయసు సరిపోయింది, ఒళ్ళు సరిపోయింది. అంతకన్నా ఎవరు చూస్తారు? పేరు అడిగితే చెప్పింది. కార్డు తీసుకుని ఓడ వైపు వెళ్ళిపోయింది.

"నువ్వు పేరు అడిగినప్పుడు నీ ముఖానికి కూడా మాస్కు ఉందా?"

"ఉందండీ. ఆవిడ అంతలా దగ్గుతుంటే నేనూ పెట్టుకున్నాను."

"తర్వాత మళ్ళీ ఏమైనా మాట్లాడావా?"

అమ్మాయి ఆలోచించి, గొడుగు సంగతి చెప్పింది. ఆవిడ గొడుగు కౌంటరు మీద మర్చిపోయి వెళ్తుంటే పిలిచిందట. ఎంత దూరం వెళ్ళిందని డిటెక్టివ్ అడిగింది. అమ్మాయి హాలు మధ్యలో ఉన్న స్తంభం చూపించింది. ఆవిడ ఇటు చూస్తోందా? లేదు, వీపు ఇటే ఉంది. ఎవరైనా ఆమెని తట్టారా, చెయ్యి ఊపారా? లేదు, అప్పటికింకా జనం రాలేదు. 'అమ్మా, మీ గొడుగు' అనగానే వెనక్కి తిరిగి వచ్చి తీసుకుందట.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "విన్నారుగా. ఆవిడ కూడా వింది. నా మనిషికి రెండు చెవులూ వినబడవు."

"చెవిటివాళ్ళు వెనక్కి తిరగకూడదని చట్టం ఉందా మేడమ్? గొడుగు గుర్తొచ్చి తిరిగి ఉంటుంది." గోడ గడియారం చూశాడు. "పైగా ఆవిడకి చెవుడన్న సంగతి మీరు చెప్తేనే కదా మాకు తెలిసింది. కంప్లయింటు మీదే, సాక్ష్యం మీదే."

ఓడ మీదకి వెళ్ళి ఆ మనిషిని చూద్దాం రమ్మంది డిటెక్టివ్. కుదరదన్నాడు. కెప్టెన్ ఒప్పుకోవాలి, దానికి పై నుంచి ఆర్డరు కావాలి, ఒక గొడుగు పేరు చెప్పి అతను ఆర్డరు అడగడు. ఓడ నాలుగింటికి కదులుతుంది. భర్త ఇంకా హోటల్లోనే ఉన్నాడు. ఆయన్ని ఒకసారి అడిగి, సంతకం పెట్టించుకుని, ఫైలు మూసేస్తానన్నాడు. రాకూడదని మాత్రం అనలేదు. ఆమె ఓడిపోవడం చూడాలని ఉందేమో.

* * *

ఆరో అంతస్తులో గది తలుపు భర్తే తీశాడు. నున్నగా గీసుకున్న గడ్డం, ప్రయాణానికి వేసుకున్న కొత్త బట్టలు. ఇన్‌స్పెక్టర్ని లోపలికి రమ్మని, డిటెక్టివ్‌ని చూసి గుమ్మంలోనే ఆపాడు.

"ఈవిడేనా? మా ఇంటావిడ ఎవరు దొరికితే వాళ్ళకి మా కాపురం గురించి చెప్పుకుంటుంది. చెవులు పోయాక అనుమానాలు ఎక్కువయ్యాయి. పాపం, నేనేమీ అనను."

"చెవులు పోయాయన్నది నిజమేనన్నమాట," అంది డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్‌కి వినబడేటట్టు, భర్త పక్కనుంచి లోపలికి వెళ్ళిపోతూ.

గది ఇంకా సర్దలేదు. మంచానికి రెండు వైపులా పడుకున్న గుర్తులున్నాయి. కిటికీ పక్క ఆమె వైపు. బల్ల మీద ఆమె దువ్వెన లేదు, బట్టలు లేవు, పెట్టె లేదు. భర్త పెట్టె ఒక్కటే తాళం వేసి తలుపు దగ్గర నిలబెట్టి ఉంది. ఆమె పెట్టె ఆమే తీసుకెళ్ళిందన్నాడు. డిటెక్టివ్ ఆమె దిండు ఎత్తింది. కింద అరచేతిలో పట్టేంత నల్లటి బిళ్ళ, దాన్నుంచి మంచం వెనక ప్లగ్గుకి పోయిన సన్నటి వైరు.

"ఇదేమిటో ఈయనకి చెప్పండి," అంది.

అది అలారం అని భర్త ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాడు. గంట కొట్టదు, అదురుతుంది. ఆమెకి గంట వినబడదు కనక దిండు కింద పెట్టుకుంటుంది. హడావిడిలో మర్చిపోయి ఉంటుంది, తాను పట్టుకెళ్తాడు.

"నిన్న నా ఆఫీసుకి వచ్చినప్పుడు ఇది ఆమె సంచిలో ఉంది," అంది డిటెక్టివ్. "హోటల్ గదిలో వదిలేస్తే ఎవరైనా పారేస్తారని వెంట తిప్పుకుంటోంది. పగలు అరగంట వదలని మనిషి వారం రోజుల ప్రయాణానికి వదిలేసి వెళ్ళిందా?"

"మతిమరుపు ఎవరికైనా వస్తుంది."

ఆమె బాల్కనీలోకి వెళ్ళింది. ఎండ పడే చోట మగవాళ్ళ బూట్లు ఒక జత బోర్లించి ఉన్నాయి. లోపల కాగితాలు కుక్కి ఉన్నాయి. ఎడమ బూటు దాదాపు ఆరింది. కుడిది ఇంకా తడిగానే ఉంది. లేసుల దాకా, పైన చీలమండ దాకా నానింది. అడుగున కడిగినా కుట్లలో నల్లటి ఒండ్రు మిగిలింది. స్నానాల గదిలో జారి తొట్టెలో కాలు పడిందని గుమ్మంలోంచి భర్త చెప్పాడు. బూట్లతో స్నానం చేస్తారా అని అడిగింది. ఇన్‌స్పెక్టర్ దగ్గాడు.

"మేడమ్, మర్యాదగా."

"ఆవిడతో నేను మాట్లాడాలి," అంది ఆమె. "ఫోన్లో వినబడదు కనక ఒక మెసేజి పెట్టండి. ఎక్కడున్నావని అడగండి."

భర్త ఏమాత్రం తటపటాయించలేదు. ఫోన్ తీసి వాళ్ళకి కనబడేటట్టే టైపు చేశాడు. నిమిషంలోపే జవాబు వచ్చింది. దాన్ని ముందు ఇన్‌స్పెక్టర్‌కి చూపించి, తర్వాత డిటెక్టివ్ ముందు పెట్టాడు. 'పైన డెక్ మీద ఉన్నా. గాలి భలే ఉంది. తొందరగా వచ్చెయ్.'

"ఇంకేం కావాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, టోపీ పెట్టుకుంటూ.

డిటెక్టివ్ ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుంది. ఆయన లాక్కోబోయే లోపల పాత మెసేజీలు పైకి జరిపింది. 'కళ్ళద్దాలు ఇంట్లోనే మర్చిపోయారు.' 'రాత్రి భోజనానికి వస్తారా?' 'మందులు వేసుకున్నారా?' ఎంత వెనక్కి జరిపినా అదే వరస. అప్పుడు ఫోన్ తిరిగి ఇచ్చింది.

"పద్దెనిమిదేళ్ళ నుంచి మిమ్మల్ని మీరు అంటున్న మనిషి, ఓడెక్కగానే నువ్వు అందా?"

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కానీ దాని వెనక ఇంకెవరూ లేనట్టుంది. సంతోషంలో ఏదో రాసేసి ఉంటుందన్నాడు.

"మిమ్మల్ని నువ్వు అనేవాళ్ళు ఎవరెవరున్నారు?"

"మా అమ్మ ఉండేది. పోయింది."

"తోబుట్టువులు?"

"ఒక చెల్లెలు. దూరంగా ఉంటుంది. దానికీ దీనికీ ఏమీ సంబంధం లేదు."

"దేనికి?"

ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి వచ్చాడు. "చాలు. వచ్చెయ్ అన్నందుకు ఒక మనిషిని అరెస్టు చెయ్యమంటారా? వ్యాకరణం తప్పు రాశారని కేసు పెట్టమంటారా? సార్, మీరు బయలుదేరండి. ఓడకి ఆలస్యమవుతుంది."

భర్త తడి బూట్లు ఒక సంచిలో పెట్టుకున్నాడు, దిండు కింది బిళ్ళ జేబులో వేసుకున్నాడు. వెళ్తూ డిటెక్టివ్ దగ్గర ఆగాడు. చాలా నెమ్మదిగా, ఇన్‌స్పెక్టర్‌కి అందనంత గొంతుతో అన్నాడు: "మా ఆవిడకి తల తిక్క. ఓడ మీద ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని నాకు భయంగానే ఉంది. ఏదైనా జరిగితే, లేనిపోని భయాలు ఎక్కించింది మీరేనని చెప్తాను."

ఆమె ఆయన్ని ఆపలేకపోయింది. ఆపే అధికారం ఉన్న మనిషి లిఫ్టు తలుపు ఆయన కోసం తెరిచి పట్టుకున్నాడు.

* * *

లాబీలో ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి కానిస్టేబులు. వింటూనే విసుక్కున్నాడు. "మూడుసార్లు అడిగాం కదయ్యా. చెప్పకపోతే పిచ్చాసుపత్రికి రాసెయ్యమను. పేరు లేదు, ఊరు లేదు, ఎంతసేపని మనవాళ్ళు కాపలా ఉంటారు? అక్కడ మంచం కావాలంటున్నారు, ఇవాళే పంపించెయ్."

డిటెక్టివ్ తలుపు దగ్గర ఆగిపోయింది. "కాలవ ఎక్కడ?"

"ఏ కాలవ?"

"మీ పిచ్చిమనిషిని తీసిన కాలవ."

అతను చెయ్యి హోటల్ వెనక వైపుకి చూపించాడు, ఆ చెయ్యి తనది కానట్టుగా. తెల్లవారుజామున పూడిక తీసే కూలీలు చూసి లాగారట. తలకి రాయి తగిలింది. బతికింది గాని ఎవరు ఏమడిగినా పలకదు.

"కళ్ళకి కట్టు ఉందా?"

"నుదురు చిట్లి రెండు కళ్ళూ వాచిపోయాయి. కట్టు కట్టారు."

"ఆవిడ పెదవులు చూసి మాటలు వింటుంది," అంది డిటెక్టివ్. "మీరు ఆవిడ కళ్ళు కట్టేసి, మూడుసార్లు అరిచి అడిగారు."

ఇద్దరూ జీపెక్కారు. ట్రాఫిక్ తెమలక గంటకి పైగా పట్టింది. ఆసుపత్రి మెట్ల దగ్గర దిగుతుండగా రేవు వైపు నుంచి ఓడ కూత ఒకటి పొడుగ్గా వినబడింది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకోలేదు.

వార్డు చివరి మంచం మీద ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. ముఖం సగం కట్టే. పెదవులు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి. ముట్టుకుంటే చేతులు తోసేస్తుందని, తిండి పెట్టబోతే పళ్ళు బిగించిందని నర్సు చెప్పింది. డిటెక్టివ్ మంచం పట్టె మీద కూర్చుని ఆమె కుడి చెయ్యి పట్టుకుంది. చెయ్యి కర్రలా బిగుసుకుంది. బలవంతంగా అరచెయ్యి విప్పి, వేలితో నెమ్మదిగా 'మే' అని రాసింది. ఆగింది. 'కు' అని రాసింది.

మంచం మీద మనిషి ఊపిరి ఆగినట్టయింది. మరుక్షణం వేళ్ళు డిటెక్టివ్ వేలి చుట్టూ ముడుచుకున్నాయి, నొప్పి పుట్టేంతగా.

"వాడు ఇక్కడున్నాడా?" అంది.

నిన్న నాలుగు మాటలకొకసారి 'ఆయన' అన్న మనిషి. డిటెక్టివ్ ఆమె అరచేతిలో 'లేడు' అని రాసింది. రెండోసారి కూడా రాయించుకుంది ఆమె. అప్పుడు ఏడ్చింది.

పక్కన ఎవరున్నారో తెలియక నోరు మెదపలేదట. కళ్ళు కనబడవు, చెవులు వినబడవు. ఎవరో చెయ్యి పట్టుకుంటున్నారు, ఎవరో నోట్లో ఏదో పెట్టబోతున్నారు. అది వాడి చెయ్యేనేమో. బతికున్నానని, అంతా గుర్తుందని వాడికి తెలిస్తే ఈసారి వదలడు. అందుకని రాయిలా పడుకుంది.

డాక్టరు వచ్చి ఒక కన్ను మీద కట్టు కొంచెం పైకి జరిపాడు. వాపు సందులోంచి ఆమె డిటెక్టివ్ ముఖం వెతుక్కుంది. ఆ తర్వాత వరసగా చెప్పుకుపోయింది. పొద్దున్నే నడుద్దామని వాడే లేపాడు. కాలవ గట్టు మీద ఇంకా నలుగురు నడుస్తుంటారు కదా, ఏం చేస్తాడులే అనుకుంది. మలుపు దగ్గర, లేసు ఊడిందని వెనక ఆగాడు. వాడి అడుగులు ఆమెకి వినబడవు. వీపు మీద రెండు చేతులు పడ్డాయి. నీళ్ళలో పడ్డాక అందిన వాడి కాలు పట్టుకుంది. విడిపించుకోవడానికి వాడు ఒక కాలు నీళ్ళలో దింపాడు, రెండో కాలితో తలమీద తన్నాడు. అంతే గుర్తుంది.

ఇన్‌స్పెక్టర్ మంచం కాళ్ళ వైపు నిలబడి వింటున్నాడు. ఒకసారి ఏదో అడగబోయి, ఆమెకి కనబడదని గుర్తొచ్చి, నడిచి వచ్చి డిటెక్టివ్ పక్కన ఒంగి, తన ముఖం వెలుతురులో పెట్టి అడిగాడు. ఓడలో ఉన్నది ఎవరు?

"మా ఆడపడుచు," అంది ఆమె వెంటనే. ఆ మాటలో జాలి లేదు. "నిన్న రాత్రి భోజనాల దగ్గర అద్దం తలుపు అవతల వాడు దానితో మాట్లాడుతుంటే చూశాను. అది ఇక్కడికి వచ్చిందని కూడా నాకు చెప్పలేదు. దాని ముఖం కనబడలేదు, వెనక నుంచి చూసే పోల్చుకున్నాను, వాడి పెదవులు కనబడ్డాయి. 'మొదటి రేవులో దిగిపో. అక్కణ్ణించి ఇంటికి బస్సు దొరుకుతుంది' అన్నాడు. ఎందుకన్నాడో తెలియలేదు. పొద్దున్న మీకు చెబుదామనుకున్నాను."

ఇప్పుడు ముగ్గురికీ తెలిసింది. సిటీ ఎందుకో, ఓడ ఎందుకో, రెండూ కలిస్తేనే ఎందుకు బాగుంటుందో. భార్య ఇక్కడ కాలవలో తేలుతుంది. ఆమె ఎవరో ఎవరూ పోల్చుకోరు, ఎందుకంటే ఆమె పేరుగల మనిషి అదే రోజు నలుగురి ఎదుట ఓడెక్కింది. ఆ మనిషి వేరే ఊరి రేవులో దిగి తిరిగి రాదు. భర్త ఓడ దిగనే దిగడు. వెతికేవాళ్ళు తప్పు ఊళ్ళో వెతుకుతారు.

ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడ్డాడు. మళ్ళీ పాత గొంతు వచ్చింది. మొదటి రేవు పోలీసులకి ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాడు. ఆడపడుచు దిగంగానే పట్టుకుంటారు, ఓడ మీద భర్తని పట్టుకుంటారు, ఎక్కడికీ పోరు. కేసు తన స్టేషన్లోనే నమోదవుతుంది. "మీ సాయం రాతపూర్వకంగా పేర్కొంటాను మేడమ్," అన్నాడు.

డిటెక్టివ్ వినిపించుకోలేదు. అప్పటికే ఆమె రేవు కౌంటరుకి ఫోన్ చేసి, గొడుగు అమ్మాయిని పిలిపించి, ఓడ మొదటి రేవుకి ఎన్నింటికి చేరుతుందని అడుగుతోంది. అవతలి నుంచి జవాబు వచ్చింది. ఫోన్ ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర పెట్టి, అమ్మాయిని మళ్ళీ చెప్పమంది.

ఈ ప్రయాణంలో ఓడ ఆ రేవులో ఆగదట. అక్కడ మరమ్మతులు జరుగుతున్నాయి. మూడు వారాల కిందటే టికెట్లు కొన్నవాళ్ళకి తెలియజేశారు. ఆ భర్తగారికి బాగా తెలుసు. మొన్న తానే కౌంటరుకి వచ్చి, ఇవాళ కదిలితే ఎల్లుండి దాకా ఎక్కడా ఆగదు కదా అని రెండుసార్లు అడిగి వెళ్ళారు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ దించాడు. "అయితే చెల్లెల్ని దిగిపొమ్మని ఎందుకు చెప్పాడు?"

"ఓడెక్కించడానికి," అంది డిటెక్టివ్. "భార్య ఓడెక్కిందని అందరూ చూశారు. ఇక ఆ భార్య కనబడకుండా పోవాలి. దిగే రేవు లేదు. ఏ దారిన పోతుంది?"

అతను పరిగెత్తాడు. వార్డు బయట వరండాలో అతని గొంతు గోడలకి కొట్టుకోవడం వినబడుతూనే ఉంది. రేవు ఆఫీసువాళ్ళు ఇంకొకరిని అడగమన్నారు. ఆ ఇంకొకరు రాతపూర్వకంగా పంపమన్నారు. ఇస్త్రీ అనే మనిషి ఆసుపత్రి వరండాలో, చొక్కా వీపుకి అంటుకుపోయి, ఎవరో పై అధికారిని తన ఉద్యోగం పోయినా సరే అని తిడుతున్నాడు. కిటికీలో వెలుతురు ఎర్రబడి, తగ్గుముఖం పట్టింది. నర్సు లైటు వేసింది. మంచం మీద మనిషి తన ఒక్క కంటితో డిటెక్టివ్ పెదవులనే చూస్తోంది.

"దానికి నా సంగతి తెలుసో లేదో నాకు తెలియదు," అంది ఆమె. "తెలిసే ఎక్కిందేమో. అయినా ఆపండి."

వరండాలో అరుపులు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి వచ్చాడు. ఫోన్ ఇంకా చేతిలో వెలుగుతోంది. లోపలికి రాలేదు. డిటెక్టివ్ లేచి అతని దగ్గరికి వెళ్ళింది. అతను చెప్పింది తక్కువ. కెప్టెన్‌తో లైను కలిసింది. ఇతను నోరు తెరిచేలోపు కెప్టెనే చెప్పాడట. పావుగంట కిందట ఓడ ఆపారు, పడవలు దించారు, వెతుకుతున్నారు.

"మేడమ్," అన్నాడు. ఆ పిలుపులో ఈసారి వెటకారం లేదు. "ఆవిడకి మీరే చెప్పండి."

డిటెక్టివ్ వెనక్కి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. వెలుతురు తన ముఖం మీద పడేటట్టు జరిగింది.

"ఏమంటున్నారు?" అంది ఆమె.

ప్రతి మాటా పెదవుల మీద కనబడేటట్టు డిటెక్టివ్ నిదానంగా చెప్పింది.

"మీ ఆయన కెప్టెన్ ముందు ఏడుస్తున్నాడట. మీరు సముద్రంలోకి దూకేశారట."